కుండలో పట్టే విత్తనం: మన సేద్యం, మన తిండి, మన మాట



ప్రతి ఏడూ ఈ నివేదికలో పొదుపు ఎంత, అప్పు ఎంత, వసూలు ఎంత అని రాసుకుంటాం. ఆ లెక్కలు మనకు ముఖ్యమే. అయితే మన ఇండ్లల్లో ఇంకో లెక్క కూడా ఉంది. చేన్లో ఏం పండింది, అందులో ఇంట్లోకి ఎంత వచ్చింది, అంగడి నుంచి ఎంత తెచ్చుకున్నాం, ఈ పంట వెయ్యాలని ఇంట్లో ఎవరు చెప్పారు అనే లెక్క. దాన్ని మనం ఏ పుస్తకంలోనూ రాసుకోలేదు. బడిలో చదివిన చరిత్రలో రాజుల పేర్లు, యుద్ధాలు జరిగిన సంవత్సరాలు ఉన్నాయి. ఆ కాలంలో మన జేజీలు పొయ్యి మీద ఏం వండినారో మాత్రం లేదు.

అందుకని ఈసారి మన సమాఖ్య తరఫున, మన అనంతపురం పల్లెల్లో సేద్యం చేసుకునే కుటుంబాలు ఏం పండించినాయి, ఏం తిన్నాయి, అది ఎట్లా మారింది అనేది రాస్తున్నాం. కొంత చదివి తెలుసుకున్నది. ఎక్కువ భాగం మన గ్రామ సంఘాల్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడిగితే వాళ్లు చెప్పింది.

మన నేల, మన వాన

మన సీమలో ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. రాష్ట్రంలో ఇంత తక్కువ వాన పడే చోటు ఇంకోటి లేదు. ఆ వాన కూడా ఒక్క తీరుగా రాదు. ఒక నెల కొట్టి పోస్తే రెండు నెలలు మొహం చాటేస్తుంది. ఎర్రనేల, లోతు తక్కువ, రాళ్లు ఎక్కువ. పడిన నీళ్లు ఎక్కువ రోజులు నిలవవు.

కరువు మనకు కొత్త కాదు. 1876 నుంచి 1878 వరకు వచ్చిన ధాత కరువు గురించి ముసలివాళ్లు వాళ్ల పెద్దల నోట విన్నామని ఇప్పటికీ చెప్తారు. అప్పుడు మన ఊర్లు బళ్లారి జిల్లాలో ఉండేవి. అనంతపురం 1882లో వేరే జిల్లా అయింది. 2022లో అందులోనుంచి శ్రీ సత్యసాయి జిల్లా విడిపోయింది. స్వాతంత్ర్యం వచ్చినాక 1952లో కూడా రాయలసీమలో గంజి కేంద్రాలు పెట్టి జనాన్ని బతికించాల్సి వచ్చింది. ఆ గంజి తాగిన పిల్లలే మన సంఘాల్లో ఇప్పుడు ఎనభై ఏండ్ల అవ్వలు.

ఇట్లాంటి నేల మీద బతకాల్సి వచ్చినోళ్లు ఒకే పంటను నమ్ముకోలేదు. అది వాళ్ల తెలివి. ఆ తెలివి వెనుక ఆకలి భయం ఉంది.

ఒక చేను, పది పంటలు

పెద్దవాళ్లు చెప్పినదాని ప్రకారం ముందు కాలంలో ఎర్రచేనులో కొర్ర, సద్ద, జొన్న, సామ, ఆరిక వేసేవాళ్లు. తరి ఉన్నచోట రాగి, చెరువు కింద వరి. వరి అన్నం పండగకో, చుట్టాలు వచ్చినప్పుడో వండేవాళ్లు. రోజూ తినేది సంగటి, కొర్రన్నం, జొన్న రొట్టె, సద్ద రొట్టె.

ఏ చేనులోనూ ఒకటే విత్తనం ఉండేది కాదు. ఐదు సాళ్లు కొర్ర పోతే ఒక సాలు కంది. జొన్నలో అలసంద, అనుములు, పెసలు కలిపేవాళ్లు. గట్ల వెంబడి ఆముదాలు, గోగులు. చివరి వానలకు ఉలవలు. కొర్ర మూడు నెలల్లో కోతకు వస్తుంది. కంది ఆరు నెలలు నిలబడి, వెనక పడిన వానను తాగుతుంది. ముందు వాన తప్పితే ఒకటి పోయేది, వెనక వాన తప్పితే ఇంకొకటి పోయేది. రెండూ పోయిన ఏడు కూడా ఉలవలో, పశువుల మేతో ఏదో ఒకటి దక్కేది. అన్నీ ఒకేసారి పోయేది పెద్ద కరువులోనే.

చేనులోనుంచి వచ్చిన కూడుకు పక్కన కూర కూడా చేనులోనే ఉండేది. కలుపు తీస్తూ ఒడిలో కోసుకొచ్చుకున్న గురుగాకు, దొగ్గలాకు, చెంచలాకు సాయంత్రం పప్పులో పడేది. చలికాలంలో అనపకాయలు వస్తే పితికిపప్పు చేసేవాళ్లు. ఉలవలు ఉడకేసి ఆ కట్టుతో చారు కాచేవాళ్లు, ఉడికిన ఉలవలు గుగ్గిళ్లుగా పిల్లలకు పెట్టేవాళ్లు. మిగిలిన సంగటి తెల్లారి మజ్జిగలో పిసికి తాగి చేనుకు పోయేవాళ్లు.

100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. తెల్ల బియ్యంలో అది 10 మిల్లీగ్రాముల దగ్గరే. మన జేజీలకు ఈ అంకెలు తెలియవు. బాలింతకు, ఎదిగే పిల్లకు రాగి అంబలి పెట్టాలని తెలుసు.

ఇదంతా చదివి ఆ రోజులే బంగారు రోజులు అనుకోవద్దు. ఆ తిండి వెనుక ఆడవాళ్ల నడుములు విరిగేంత పని ఉంది. కోడి కూయకముందే లేచి ఇసుర్రాయి ముందు కూర్చోవాలి. రాగులు విసరాలి, కొర్రలు రోట్లో దంచి, చెరిగి, మళ్లీ దంచాలి. ఇంటిల్లిపాదికీ ఒక పూట కూడు కావాలంటే రెండు గంటల చాకిరీ. ఆ తర్వాత నీళ్లు, పేడ, చేను. చేనులో కలుపు, కోత, కల్లంలో తూర్పార పట్టడం. ఇంత చేసినాక కూడా మగవాళ్లు, పిల్లలు తిన్నాక కుండలో మిగిలిందే ఆడదానికి. మిగలకపోతే నీళ్లు తాగి పడుకున్న రోజులు లెక్కలేనన్ని అని అవ్వలు చెప్పినారు.

అందరికీ చేను లేదు అనేది కూడా రాయాలి. మన సంఘాల్లో సగం ఇండ్లకు మొన్నటి వరకూ సెంటు భూమి లేదు. వాళ్ల అమ్మలు, జేజీలు కూలికి పోతే గింజలే కూలి. కోత అయినాక చేనులో రాలిన కంకులు పరిగె ఏరుకునేవాళ్లు. ఊరిలో రాగి, జొన్న పండినంత కాలం ఆ గింజ కొంచెమైనా వాళ్ల ఇంటి కుండలోకి వచ్చేది. ఎంత ఇవ్వాలో ఇచ్చేవాడి దయ మీద ఉండేది, అది వేరే బాధ.

విత్తన కుండ ఎవరి చేతిలో ఉండేది

కల్లంలో గింజ ఎత్తకముందే ఇంటి ఆడమనిషి చేనంతా తిరిగి మంచి కంకులు ఏరేది. నిండుగా గింజ పట్టినవి, పురుగు లేనివి, ముందుగా పండినవి పక్కకు పెట్టేది. వాటిని ఎండేసి, నలిపి, బూడిద కలిపి, వేపాకో కానుగాకో వేసి కుండలో పోసి మూతికి గుడ్డ కట్టి పేడతో మెత్తేది. అటక మీదనో గూటిలోనో ఆ కుండ ఉండేది. ఎంత ఆకలేసినా ఆ కుండ ముట్టకూడదు అని కట్టడి.

ఏరువాక వచ్చినప్పుడు ఆ కుండ దించేది ఆమే. గొర్రు వెనక నడుస్తూ జడ్డిగంలో గింజ పోసేదీ ఆడవాళ్లే. పిడికిలి కొంచెం ఎక్కువ వదిలితే చేను ఒత్తు అవుతుంది, తక్కువ వదిలితే పలచన అవుతుంది. ఆ అంచనా వాళ్ల చేతి వేళ్లలో ఉండేది. కుండలో విత్తనం పురుగు పట్టిందనుకోండి, పక్కింటి అక్కను అడిగి శేరు తెచ్చుకునేవాళ్లు. పంట వచ్చినాక శేరుంబావు తిరిగి ఇచ్చేవాళ్లు. దానికి కాగితం లేదు, వేలిముద్ర లేదు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఎకరా కొర్ర వెయ్యాలంటే 2 కిలోల విత్తనం చాలు. రాగికి కూడా ఇంచుమించు అంతే, జొన్నకు 3, 4 కిలోలు. ఐదు ఎకరాల రైతుకు కావాల్సిన కొర్ర విత్తనమంతా ఒక్క కుండలో పడుతుంది. కుండలో పట్టే విత్తనం కాబట్టి ఇంట్లో ఉంది. ఇంట్లో ఉంది కాబట్టి ఆడదాని చేతిలో ఉంది. విత్తనం ఆమె చేతిలో ఉండబట్టే, ఈ ఏడు ఏం వేద్దాం అని మగవాళ్లు ఆమెను అడగాల్సి వచ్చేది. ఆస్తి పత్రంలో పేరు లేకపోయినా, పంట మాటలో ఆమెకు పాలు ఉండేది.

సెనక్కాయ వచ్చింది

సెనక్కాయ దక్షిణ అమెరికా పంట. మన దేశానికి వచ్చి కొన్ని వందల ఏండ్లయింది. మన పక్క కూడా ఎప్పటినుంచో కొద్దిగా వేస్తూనే ఉన్నారు. నూనె మిల్లులు పెరిగి, నూనెకు ధర వచ్చినాక 1960ల తర్వాత చేను చేనూ సెనక్కాయ అయింది. తిండి పంటలు ఏడాదికి కొంత తగ్గుతూ వచ్చినాయి. ఒక దశలో జిల్లాలో సాగయ్యే భూమిలో మూడింట రెండు వంతులకు పైగా సెనక్కాయే. మొదట తమిళనాడు తిండివనం నుంచి వచ్చిన టి.ఎం.వి.-2 రకం చాలా ఏండ్లు నడిచింది. తర్వాత మన కదిరి పరిశోధన కేంద్రం నుంచి 2005లో కదిరి-6 వచ్చింది.

సెనక్కాయను తిట్టాలని మేము ఈ వ్యాసం రాయడం లేదు. మన ఇండ్లకు మొదటిసారి చేతి నిండా డబ్బు చూపించింది ఆ పంటే. దాని మీదనే చాలామంది మట్టి మిద్దెలు తీసి ఇల్లు కట్టుకున్నారు, పిల్లలను కాలేజీకి పంపినారు. దాని కట్టె పశువులకు మంచి మేత. కొర్ర, సామ పండించినోళ్లకు అంగట్లో ధర లేదు, సెనక్కాయకు ఉంది. వాన తక్కువైనా ఎంతో కొంత కాస్తుంది. మన పెద్దవాళ్లు ఆలోచించే ఆ దారి పట్టినారు.

అయితే విత్తనం లెక్క చూడండి. ఎకరా సెనక్కాయకు ఇంచుమించు 60 కిలోల పప్పు కావాలి. కాయల్లో అయితే 85, 90 కిలోలు. 30 కిలోల మూటల్లో తెచ్చుకుంటే ఎకరాకు మూడు మూటలు. ఐదెకరాలకు పదిహేను మూటలు. ఇది కుండలో పట్టదు, అటక మీద పెట్టలేం. ఎనిమిది నెలలు దాచాలంటే పురుగు, ఎలుక, తేమ. నూనె గింజ కాబట్టి తొందరగా పాడైపోతుంది. వాటన్నిటికంటే ముందు అప్పు వాకిట్లో కూర్చుంటుంది. పంట వచ్చిన వారానికే అమ్మి కట్టాలి. అట్లా విత్తనాల కాయ కూడా మండీకి పోతుంది. మళ్లీ జూన్ వస్తే అదే కాయ కొనాలి, ఈసారి ఎక్కువ ధరకు, అప్పు చేసి.

ఇంకో తేడా కూడా ఉంది. 2 కిలోల కొర్ర వేస్తే మంచి ఏడు ఎకరాకు మూడు, నాలుగు క్వింటాళ్లు వస్తుంది. పంట మొత్తం పోయినా పోయేది 2 కిలోల విత్తనమే. సెనక్కాయ మన వాన చేన్లలో బాగా పండిన ఏడు కూడా వేసినదానికి నాలుగైదు రెట్లు వస్తే గొప్ప. వాన తప్పితే మూడు మూటల విత్తనమే పోతుంది, దాని మీద చేసిన అప్పు మాత్రం నిలబడుతుంది.

దీంతో ఇంట్లో ఏం జరిగిందో మనందరికీ తెలుసు. విత్తనం అంగడికి పోయింది, దానితో పాటు మాట కూడా అంగడికి పోయింది. ఏ రకం వెయ్యాలి, ఏ మందు కొట్టాలి అనేది అంగడి ముందర మగవాళ్లు మాట్లాడుకునే సంగతి అయింది. ఆడవాళ్ల పని తగ్గిందా అంటే తగ్గలేదు. విత్తనానికి కాయ ఒలిచేది మనమే, వేళ్లు పుండ్లు పడేదాకా. కలుపు తీసేది మనమే, చెట్లు పెరికినాక కాయ విడిపించేదీ మనమే. పని అంతా మన దగ్గరే ఉండి, నిర్ణయం మాత్రం బయటికి పోయింది.

2000 సంవత్సరంలో వైరస్ వచ్చి సెనక్కాయ మొవ్వు ఎండి చేన్లకు చేన్లు మాడిపోయినాయి. వయ్యారిభామ కలుపు మొక్క పుప్పొడితో, తామర పురుగులతో అది పాకిందని శాస్త్రవేత్తలు చెప్పినారు. జిల్లాలో రెండు లక్షల హెక్టార్లకు పైగా దెబ్బతింది. నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది. అంత భూమిలో ఒకటే పంట ఉండబట్టి ఒకే తెగులు అందరినీ ఒకేసారి పడగొట్టింది. 1990ల చివరి నుంచి మన పల్లెల్లో ఎంతమంది రైతులు ప్రాణం తీసుకున్నారో ఇక్కడ రాయాల్సిన పని లేదు, మన సంఘాల్లోనే వాళ్ల భార్యలు ఉన్నారు. అప్పు ఎవరి దగ్గర ఎంత చేసినాడో కూడా చాలామంది ఆడవాళ్లకు అప్పులోళ్లు ఇంటికి వచ్చినాకే తెలిసింది.

బియ్యం వచ్చింది

1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో 2 రూపాయల బియ్యం ఇచ్చింది. ఆ బియ్యం వచ్చినాక కడుపు మాడ్చుకుని పడుకునే రాత్రులు తగ్గినాయని అవ్వలందరూ ఒకే మాట చెప్పినారు. ఆడవాళ్లకు ఇంకో మేలు కూడా జరిగింది. దంచే పని, విసిరే పని పోయింది. కడిగి పొయ్యి మీద పెడితే అన్నం. ఆ రెండు గంటల నిద్ర విలువ రోకలి పట్టిన చేతులకే తెలుస్తుంది.

అయితే అదే సమయంలో కొర్ర వెయ్యడానికి ఉన్న చివరి కారణం కూడా పోయింది. తినడానికి చౌక బియ్యం, అమ్మడానికి సెనక్కాయ. మధ్యలో కొర్ర, సామ, ఆరిక ఎందుకు? ఇసుర్రాళ్లు పెరట్లో బోర్లా పడినాయి. విత్తన కుండలు పగిలిపోతే మళ్లీ ఎవరూ పెట్టలేదు. కూలికి గింజలు పోయి డబ్బులు వచ్చినాయి. పరిగె ఏరుకోవడానికి కంకులు లేవు. చేను ఉన్నోళ్లు, లేనోళ్లు అందరం బియ్యం సంచి మోసుకునేవాళ్లమే అయినాం. చేనులో కంది సాలు, అలసంద సాలు తగ్గినకొద్దీ పప్పు కొనాల్సి వచ్చింది. కొనే డబ్బు లేని రోజు పప్పు నీళ్లు అయింది. ఇప్పుడు అంగన్‌వాడీలో సూది గుచ్చి రక్తం తక్కువ ఉందని చెప్తే, మాత్రలతో పాటు మన పళ్లెం సంగతి కూడా మాట్లాడుకోవాలి.

రైతు అంటే ఎవరు

ఇంత పని చేసిన ఆడదాన్ని రైతు అని ఎవరూ పిలవలేదు. రైతు భార్య అనేవాళ్లు, కూలి మనిషి అనేవాళ్లు. బ్యాంకుకు పోతే పాసుపుస్తకం ఎవరి పేరున ఉందని అడుగుతారు. నష్టపరిహారం, విత్తనం, బీమా అన్నీ ఆ పేరు వెంబడే నడుస్తాయి.

చట్టాలు కొంత మారినాయి. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన పాలు ఉండాలని మన రాష్ట్రమే ముందుగా చట్టం మార్చింది. 1985 సెప్టెంబరు నుంచి, అప్పటికి పెండ్లి కాని ఆడపిల్లలకు అది వర్తించింది. 2005లో దేశమంతటా కూతుళ్లకు ఆ హక్కు వచ్చింది. అయినా 2015-16 వ్యవసాయ గణన చూస్తే దేశంలో సాగు కమతాల్లో ఆడవాళ్ల పేరున నడిచేవి నూటికి 14 దగ్గరే. చట్టం వచ్చింది గానీ, పుట్టింట్లో పాలు అడిగితే అన్నదమ్ములతో రాకపోకలు పోతాయని మనలో ఎంతమందిమి నోరు మూసుకుని సంతకం పెట్టినామో మనకే తెలుసు.

2006 ఫిబ్రవరి 2న మన జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలోనే దేశం మొత్తానికి ఉపాధి హామీ పథకం మొదలైంది. మగవాళ్లకు ఎంతో ఆడవాళ్లకూ అంతే కూలి, మస్టరులో సొంత పేరు. చాలామంది అక్కలు తమ పేరు మీద కూలి డబ్బు మొదటిసారి తీసుకున్నది అప్పుడే. మట్టి తవ్విన పనికి లెక్క ఉంది, పేరు ఉంది. సొంత చేనులో తీసిన కలుపుకు ఇప్పటికీ లెక్కా లేదు, పేరూ లేదు.

సంఘం వచ్చినాక

2000 సంవత్సరంలో వెలుగు పథకం మొదలై, ఆ తర్వాత మన పొదుపు సంఘాలు గ్రామ సంఘాలుగా, గ్రామ సంఘాలు మండల సమాఖ్యగా కట్టుకున్నాం. మనం తీసుకున్న అప్పుల్లో ప్రతి జూన్‌లోనూ పెద్ద భాగం సేద్యానికే పోతుంది. పుస్తకంలో ‘వ్యవసాయం’ అని ఒక్క మాట రాస్తాం. అందులో విత్తనానికి ఎంత, మందుకు ఎంత, బోరుకు ఎంత అనేది విడిగా రాయము. అప్పు కట్టేది మనం, సంతకం మనది. ఆ డబ్బుతో ఏ విత్తనం వచ్చిందో అడిగే హక్కు కూడా మనదే.

2016 నుంచి రైతు సాధికార సంస్థ ద్వారా ప్రకృతి సేద్యం మన గ్రామ సంఘాల్లోకి వచ్చింది. 2018 నుంచి మన జిల్లాలో వానకు ముందే పొడి దుక్కిలో నవధాన్యాలు చల్లే పద్ధతి కూడా పెట్టినారు. రకరకాల విత్తనాలకు బంకమట్టి, బూడిద, ఘనజీవామృతం పట్టించి చల్లుతారు. కొంచెం తేమ తగిలినా మొలుస్తాయి, నేలను కప్పి ఉంచుతాయి. ఆ పద్ధతి చూసిన ఒక అవ్వ, “ఇది మా అత్త చేసిన పనే కదమ్మా, పేరే కొత్త” అన్నది. అన్నీ ఒకటే కావు గానీ, ఆమె మాటలో నిజం ఉంది.

2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రపంచమంతా జరిపినారు. దాంతో పట్నంలో కొర్రలకు గిరాకీ పెరిగింది. ఇప్పుడు అంగట్లో కొర్ర బియ్యం ధర సన్న బియ్యం కంటే ఎక్కువ. మన జేజీ రోజూ తిన్న కూడు మనం కొనలేని కూడు అయింది. ధర బాగుందని ఒకరిద్దరు వేసినా, పొట్టు తీసే మిషను దగ్గర్లో లేక ముడి గింజనే తక్కువకు అమ్ముకుంటున్నారు. మళ్లీ రోకలి పట్టమంటే మనలో ఎవరమూ ఒప్పుకోము, ఒప్పుకోకూడదు కూడా. కాబట్టి కొర్ర తిరిగి రావాలంటే విత్తనం ఒక్కటే చాలదు, మిషను కూడా రావాలి. అది ఒక్క ఇంటి పని కాదు, సమాఖ్య పని.

మనం ఏం చెయ్యాలి

పాత రోజులు తిరిగి రావాలని మేము కోరుకోవడం లేదు. ఆ ఆకలి వద్దు, ఆ ఇసుర్రాయి వద్దు. సెనక్కాయ మొత్తం మానెయ్యమని కూడా చెప్పడం లేదు, దాని మీద బతికే ఇండ్లు మనవే. మేము అడిగేది, చేనులో ఏం వెయ్యాలో చెప్పే మాటలో మన పాలు మనకు తిరిగి రావాలని. ఆ మాట ఒకప్పుడు విత్తన కుండతో వచ్చింది. ఇప్పుడు సంఘంతో రావాలి.

అందుకని గ్రామ సంఘాల ముందు నాలుగు పనులు పెడుతున్నాం.

ఒకటి. సెనక్కాయ వేసే ప్రతి సభ్యురాలు కనీసం అర ఎకరాలో కొర్ర, కంది, అలసంద, అనుములు కలిపి వెయ్యాలి. అమ్మడానికి కాదు, ఇంటి పళ్లెం కోసం. అర ఎకరాకు కొర్ర విత్తనం కిలో చాలు. దానికి అప్పు అక్కరలేదు. భూమి లేని అక్కలకు ఆ గింజలో కొంత సంఘం ధరకే అమ్మాలి.

రెండు. ప్రతి గ్రామ సంఘంలో ఒక విత్తన అర ఉండాలి. శేరు తీసుకుంటే శేరుంబావు తిరిగి ఇచ్చే పాత కట్టుబాటే పెట్టుకుందాం. అయితే ఇప్పుడు పుస్తకంలో రాసుకుందాం, ఎవరి ఇంటి విత్తనమో ఆమె పేరుతో.

మూడు. సేద్యానికి అప్పు అడిగినప్పుడు ఏ పంట, ఏ రకం, విత్తనం ఇంటిదా కొన్నదా అనేది తీర్మానం పుస్తకంలో రాయాలి. ఇది సభ్యురాలిని ఇబ్బంది పెట్టడానికి కాదు. రాయాలంటే ఆమె ఇంట్లో అడిగి తెలుసుకోవాలి. అడగడం మొదలైతే మాట మొదలవుతుంది.

నాలుగు. మీ ఊర్లో 70 ఏండ్లు దాటిన అవ్వల దగ్గర కూర్చుని, ఏ విత్తనం ఎట్లా దాచినారు, ఏ నేలకు ఏది వేసినారు, ఏ ఆకు ఏ కాలంలో కోసినారు అన్నీ రాయించుకోవాలి. బడికి పోయే పిల్లల చేతనే రాయిస్తే ఇంకా మంచిది. కొన్ని ఊర్లలో ఆరిక విత్తనం ఎట్లా ఉంటుందో చెప్పగలిగిన అవ్వ ఒక్కరే మిగిలినారు. ఆమె పోతే అది ఇంకెవరికీ తెలియదు.

2026ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ మహిళా రైతు సంవత్సరంగా ప్రకటించింది. సభలు జరుగుతాయి, ఫ్లెక్సీలు కడతారు. పిలిస్తే పోదాం. అంతకంటే ముందు మన ఊర్లో పాసుపుస్తకం తమ పేరున ఉన్న ఆడవాళ్లు ఎంతమంది, లేనోళ్లు ఎంతమంది అనే పట్టీ ప్రతి గ్రామ సంఘం తయారు చేసి సమాఖ్యకు ఇవ్వాలి. ఆ పట్టీ పట్టుకుని రెవెన్యూ సభకు పోవాల్సిన బాధ్యత సమాఖ్య తీసుకుంటుంది.

మృగశిర కార్తెకు ముందు జరిగే గ్రామ సంఘ సమావేశంలో ఈ నాలుగు పనులు, ఈ పట్టీ చర్చకు పెట్టండి. వచ్చేటప్పుడు ఎవరి ఇంట్లో పాత విత్తనం ఏది ఉన్నా, పిడికెడైనా సరే, కొంగుకు కట్టుకుని తీసుకురండి.